రాత్రి కరెంటు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు మేం ఆరుగురం ఒకచోట కూర్చున్నాం. పాత విద్యార్థులు రాసేవి మీరు చాలా చదివే ఉంటారు. నీళ్ల చారు, ట్రంకు పెట్టె తాళం, ఆదివారం వచ్చే అమ్మానాన్నల కోసం గేటు దగ్గర ఎదురుచూపు. ఇవన్నీ మాకూ ఉన్నాయి. అయితే మాట్లాడుకుంటూ పోతే మా జ్ఞాపకాలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చి ఆగాయి. అది కరెంటు. కావలసినప్పుడు లేని కరెంటు, రాకూడని వేళ వచ్చిన కరెంటు. అందుకే దాని గురించే రాస్తున్నాం.

మేం 2001-02లో పదో తరగతి చదివిన బ్యాచ్. సగం మందిమి డిండికి ఇటువైపు నల్లగొండ వాళ్లం, సగం మందిమి అటువైపు పాలమూరు వాళ్లం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి కొత్త పేర్లు వచ్చాయి. మా నోటికి మాత్రం ఇంకా ఆ రెండు పేర్లే వస్తాయి. రెండు వైపులా అవే ఎర్ర చెల్కలు, అవే బోర్లు, అవే ఎండలు.

మా నాయనమ్మలు ఆముదపు దీపం కింద బతికారు. చెల్కల్లో పండిన ఆముదాలను వేయించి, దంచి, నీళ్లలో కాగబెట్టి నూనె తీసేవాళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో ఆముదం పంటకు మా రెండు జిల్లాలే పేరు. ఆ నూనె యంత్రాలకు కందెనగా, రంగులకు, సబ్బులకు దేశదేశాలకు పోతుందని మేం పెద్దయ్యాక తెలుసుకున్నాం. నాయనమ్మకు మాత్రం అది దీపానికీ, తలకూ, పిల్లల కడుపునొప్పికీ పనికొచ్చే నూనె. మా అమ్మల కాలానికి గ్యాసునూనె ఎక్క వచ్చింది. కంట్రోలు దుకాణంలో నీలం రంగు నూనె కోసం డబ్బాలు వరుసలో పెట్టి నిలబడింది మేమే. గ్యాసునూనె అని పేరులో గ్యాసు ఉన్నా, అసలు గ్యాసు పొయ్యిని చూసింది చాలా ఆలస్యంగా.

హాస్టల్‌కు వచ్చిన మొదటి రోజు మాకు ఎదురైంది వంటశాల పొగ. వందమందికి అన్నం కట్టెల పొయ్యి మీదే ఉడికేది. వానాకాలం పచ్చికట్టె అంటుకోక వంట అక్క ఊదుడు గొట్టంతో ఊది ఊది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మమ్మల్ని కేకేసేది. "ఒక్కడన్న వచ్చి ఊదుండ్రి బిడ్డా, నా పానం పోతున్నది." మేం వంతులు వేసుకొని ఊదేవాళ్లం. అన్నానికి పొగ వాసన వస్తే అలిగేదీ మేమే. ఆమెకు నలభై ఏళ్లకే చూపు మందగించింది, దగ్గు పట్టుకుంది. అది పొగ వల్ల వచ్చిన రోగమని అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

1999 జులైలో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల్లోని ఆడవాళ్లకు గ్యాసు కనెక్షన్ ఇచ్చారు. మాలో ఇద్దరి అమ్మలకు సిలిండరు వచ్చింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు చూస్తే అది మూలన ముగ్గు వేసి, బొట్టు పెట్టి ఉంది. చుట్టాలు వచ్చినప్పుడు చాయ్ పెట్టడానికే వాడేవాళ్లు. అయిపోతే మళ్లీ నింపించే పైసలు ఎక్కడివి? 2016 మేలో దేశమంతా ఉజ్వల పథకం వచ్చినప్పుడూ పేదల ఇళ్లలో ఇదే మాట వినిపించింది. కనెక్షన్ ఒక్కసారి ఇచ్చేది, గ్యాసు మాత్రం మళ్లీ మళ్లీ కొనవలసింది. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి మించి బయటి నుంచే వస్తుంది, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాలది. అక్కడ సముద్రంలో గొడవ జరిగితే ఇక్కడ మా అమ్మ మళ్లీ కట్టెల కోసం కంపచెట్ల కిందికి పోవలసి వస్తుంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో 500 రూపాయలకు సిలిండరు పథకం మొదలయ్యాక కొంత ఊపిరి ఆడింది.

మన గోదావరి దగ్గరే గ్యాసు ఉంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. 2002లో కృష్ణా గోదావరి తీరంలో సముద్రం లోతున పెద్ద నిక్షేపం దొరికింది. 2009 ఏప్రిల్‌లో గ్యాసు తీయడం మొదలైంది. కానీ అనుకున్నంత రాలేదు. కొద్ది ఏళ్లకే తగ్గిపోయింది. దాన్ని నమ్ముకొని కట్టిన కరెంటు కేంద్రాలు చాలా కాలం పని లేకుండా నిలబడ్డాయి. భూమి కింద ఉన్నదాన్ని లెక్కవేసి ఆశ పెట్టుకోవడం బోరు వేసేటప్పుడు మా నాయనలు చేసిన పనే.

ఇక అసలు విషయానికి వస్తాం.

సాయంత్రం స్టడీ అవర్ మొదలయ్యే వేళకు కరెంటు పోయేది. ఒక కొవ్వొత్తి చుట్టూ ఎనిమిదిమందిమి తలలు ఆనించి కూర్చునేవాళ్లం. వెనక కూర్చున్నవాడికి పుస్తకంలో అక్షరాల కంటే ముందున్నవాడి తల నీడే ఎక్కువగా కనిపించేది. మళ్లీ కరెంటు వస్తే హాస్టలంతా ఒక్కటే కేక. ఆ కేక గురించి మా వార్డెన్ సారు ఎప్పుడూ కోప్పడలేదు.

ఊళ్లో సంగతి వేరు. ఇంటి బల్బుకు వచ్చే కరెంటు ఒకటి, బోరు మోటరుకు కావలసిన త్రీఫేజు కరెంటు ఇంకొకటి. త్రీఫేజు పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు విడతల వారీగా ఇచ్చేవాళ్లు. ఈ వారం మన ఊరికి రాత్రి పన్నెండు గంటలకు అంటే, ఆ వేళకు మా నాయనలు చేతికర్ర, బ్యాటరీ లైటు పట్టుకొని పొలం కాడికి పోవాలి. తేళ్లుంటాయి, పాములుంటాయి. నీళ్లు మడి దాటకుండా తెల్లారేదాకా మళ్లేయాలి. పొద్దున మళ్లీ కూలికి పోవాలి. సెలవుల్లో మేమూ వెంట పోయాం. "నువ్వు పండుకో బిడ్డా, కరెంటొస్తే నేను లేస్త" అని నాయన గట్టు మీద కూర్చొనేవాడు. ఆయన పండుకున్నది మేం ఎప్పుడూ చూడలేదు.

2001 డిసెంబరులో ఒకరోజు తెల్లవారక ముందే గేటు చప్పుడైంది. మాలో ఒకని మేనమామ సైకిల్ మీద వచ్చాడు. "సారూ, పిలగాణ్ణి తోలియ్యుండ్రి. వాళ్ల నాయినకు పానం బాగలేదు" అన్నాడు. ఆయన మొహం చూస్తే మాకు అర్థమైపోయింది. మావాడు మాత్రం ట్రంకు పెట్టెలోంచి స్వెటరు తీసి, నాయనకు చలి పెడుతుందేమోనని సంచిలో పెట్టుకున్నాడు. మేం తలా రూపాయి రెండు రూపాయలు పోగేసి బస్సు చార్జీకి అతని చేతిలో పెట్టాం.

జరిగింది ఇది. రాత్రి పన్నెండుకు కరెంటు వచ్చింది. మోటరు నడవలేదు. మడిలోంచి తడి కాళ్లతో వచ్చి ఆయన స్టార్టరు డబ్బా మీద చెయ్యి వేశాడు. డబ్బాకు లోపల ఎక్కడో వైరు తగులుతున్నది. ఎర్తింగ్ లేదు. పొద్దున పాలకు పోయినవాళ్లు చూశారు.

పదకొండు రోజుల తర్వాత మావాడు గుండుతో తిరిగి వచ్చాడు. ఆ వారమే భౌతిక శాస్త్రంలో విద్యుత్తు పాఠం నడుస్తున్నది. సారు బోర్డు మీద ఓమ్ నియమం రాస్తున్నారు. వాడు చెయ్యెత్తి, "ఎర్తింగంటే ఏంది సార్?" అని అడిగాడు. తరగతి అంతా గప్‌చుప్. సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, మమ్మల్నందరినీ బయటికి తీసుకుపోయి, బడి మీటరు డబ్బా దగ్గర నేలలోకి దిగిన తీగ చూపించారు. "డబ్బాకు కరెంటు పాకితే మనిషిలోంచి భూమిలోకి పోకుండా ఈ తీగలోంచి పోతది. ఈ తీగ ఉంటే మనిషి ఉంటడు" అన్నారు. పదేళ్ల బడి చదువులో మాకు పూర్తిగా గుర్తున్న పాఠం అదొక్కటే.

ఆ కరెంటు ఎక్కడ పుడుతుందో అప్పుడు మాకు పెద్దగా తెలియదు. తర్వాత తెలిసింది, అది మా పక్కనే పుడుతుందని. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ నల్లగొండ జిల్లాలోనే ఉంది. అక్కడి ప్రధాన కేంద్రం శక్తి 815.6 మెగావాట్లు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం నల్లమలలో, పాత పాలమూరు జిల్లాలో ఉంది, దాని శక్తి 900 మెగావాట్లు. జూరాల మరో 234 మెగావాట్లు. ఆనకట్టలకు రాయి మోసినవాళ్లలో పాలమూరు కూలీలు లేని చోటు దేశంలో తక్కువ. 1981లో శ్రీశైలం నీళ్ల కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. పెద్ద తీగలు మా గుడిసెల మీదుగా పట్నం పోయాయి. ఆ తీగల కింద మేం ఎక్క వెలుతురులో చదువుకున్నాం. కరెంటు పుట్టించే పనిలోనూ మనుషులు పోయారు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. మీరు స్విచ్ వేసినప్పుడు వాళ్లను ఒక్కసారి తలుచుకోండి.

కరెంటు కోసం మనుషులు కొట్లాడారు కూడా. చార్జీల పెంపు మీద జరిగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. బిల్లు బాధ పోయింది, రాత్రి బాధ మిగిలింది. రాష్ట్రం వచ్చాక 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆ సంవత్సరం మావాడు ఒక మాట అన్నాడు. "పదిహేడేండ్ల ముందు వచ్చి ఉంటే మా నాయిన పొద్దున లేచి పోయెటోడు" అని. మేం ఏమీ అనలేకపోయాం.

ఇరవై నాలుగు గంటలు ఇవ్వాలంటే ఎక్కడో ఏదో కాలాలి. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015 జూన్‌లో పునాది పడింది. 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. మొదటగా సిద్ధమైన యూనిట్‌ను 2024 డిసెంబరు 7న ప్రారంభించారు. మాలో ఒకడు అక్కడ పనిచేశాడు. పని దొరికిందనే సంతోషం ఉంది, చుట్టుపక్కల ఊళ్ల మీద బూడిద పడుతుందేమోననే భయమూ ఉంది. అటు నల్లమలలో అమ్రాబాద్ వైపు యురేనియం కోసం చూస్తామన్నప్పుడు చెంచులూ, అడవి చుట్టూ ఉన్న ఊళ్లూ వద్దన్నాయి. 2019 సెప్టెంబరులో శాసనసభ కూడా వద్దని తీర్మానించింది. ఏ ఇంధనం వచ్చినా "ఎవరికి వెలుగు, ఎవరికి పొగ" అన్న ప్రశ్న మా జిల్లాల వాళ్లం అడగకుండా ఉండలేం.

ఇప్పుడు కొత్తగా వచ్చింది ఎండ. నిజానికి మా దగ్గర ఎప్పుడూ ఉన్నది అదొక్కటే. ఎండను కరెంటుగా మార్చే సిలికాన్ పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చూపించారు. అప్పుడది తన మీద పడిన ఎండలో నూటికి ఆరు వంతులే కరెంటు చేసింది. ఇప్పటి పలకలు నూటికి ఇరవైకి మించి చేస్తున్నాయి. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైన ఏడాది సౌర కరెంటు యూనిట్ పది రూపాయలకు పైనే. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2025 జనవరికల్లా దేశంలో సౌర కేంద్రాల శక్తి లక్ష మెగావాట్లు దాటింది. పాలమూరులో జొన్న పండని బీళ్లలో నల్లని పలకలు వరుసగా నిలబడ్డాయి. బస్సులోంచి చూస్తే ఎండాకాలంలో చెరువు నిండినట్టు కనిపిస్తాయి.

2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం అనే పథకం మొదలైంది. అటవీ హక్కుల పట్టాలు ఉన్న గిరిజనుల భూములకు సౌర పంపుసెట్లు ఇవ్వడం దాని ఉద్దేశం. ఆరు లక్షల ఎకరాలు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఇందులో మాకు నచ్చింది ఒక్కటే. సౌర మోటరు పొద్దు పొడిస్తే నడుస్తుంది, పొద్దు గూకితే ఆగుతుంది. మనిషి ఎప్పుడు మేలుకుంటాడో, ఎప్పుడు నిద్రపోతాడో అదీ అట్లాగే. రాత్రి పన్నెండుకు పొలం పొమ్మని చెప్పదు. కొత్త యంత్రాల గురించి పెద్దవాళ్లు చాలా గొప్పలు చెబుతారు. మాకు మాత్రం దాని గొప్పతనం, నాయన ఇంట్లో పండుకుంటాడు అన్నదే.

అయితే ఎండ అన్నీ తీరుస్తుందని మీకు చెప్పం. మూడు మాటలు చెప్పాలి.

ఒకటి, పలక నీళ్లను పుట్టించదు. బిల్లు లేదు కదా అని పొద్దంతా తోడితే బోరు ఎండిపోతుంది. నల్లగొండలో లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు బాధ మీకు తెలియనిది కాదు. ఇంతకుముందు కరెంటు రాగానే తనంతట తానే మోటరు నడిపే ఆటో స్టార్టర్లు పెట్టి ఎంత నీళ్లు వృథా చేశామో చూశాం. సౌర మోటరు పక్కన డ్రిప్పు పైపు, ఆరుతడి పంట ఉండాలి.

రెండు, రాత్రికి ఎండ ఉండదు. దీనికి జవాబు కూడా మా దగ్గరే ఉంది. సాగర్‌లోని ఎనిమిది యూనిట్లలో ఏడు, శ్రీశైలం ఎడమగట్టున ఉన్న ఆరూ తిరగేసి నడపగలిగేవి. కరెంటు ఎక్కువగా ఉన్న వేళ కింది నీళ్లను మళ్లీ పైకి ఎక్కిస్తాయి. అవసరమైన వేళ ఆ నీళ్లనే కిందికి వదిలి కరెంటు ఇస్తాయి. నీళ్లనే బ్యాటరీగా వాడుకోవడం అన్నమాట. మధ్యాహ్నపు ఎండ కరెంటును సాయంత్రం దీపానికి దాచే ఈ పని ఇకముందు ఇంకా పెరుగుతుంది.

మూడు, పలకకు పైకప్పు కావాలి. 2025లో వంగూరు మండలం కొండారెడ్డిపల్లిని ఇళ్ల మీద పలకలతో సౌర గ్రామం చేశారు. మంచిదే. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. కానీ స్లాబు ఉన్నవాడికే అది పనికొస్తుంది. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, గుడిసె ఉన్నవాడి సంగతేమిటి? మా వాడల్లో సగం ఇళ్లు అవే. అందుకని మేం అనేది, బడి మీద, హాస్టల్ మీద, కమ్యూనిటీ హాలు మీద ముందు పెట్టాలి. ఉమ్మడి కప్పు కింద ఉమ్మడి వెలుగు ఉండాలి.

అందుకే తమ్ముళ్లారా, ఈ సంచిక ద్వారా ఒక కోరిక పెడుతున్నాం. మన హాస్టల్‌కు ఇప్పుడు గట్టి స్లాబు ఉంది. పది కిలోవాట్ల పలకలకు సుమారు వెయ్యి చదరపు అడుగులు చాలు. రోజుకు నలభై యూనిట్ల దాకా వస్తాయి. మా కాలంలో 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుతురును ఇప్పుడు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తున్నది. కాబట్టి ఆ కరెంటుతో లైట్లు, ఫ్యాన్లు, నీళ్ల మోటరు నడవగలవు. చలికాలం పొద్దున వేడినీళ్లకు సోలార్ హీటరు పెట్టుకోవచ్చు. శాఖవారికి అర్జీ పెట్టండి. మా బ్యాచ్ తరఫున చేతనైనంత చందా మేం వేస్తాం, పని కూడా మేమే చేస్తాం.

ఎందుకంటే ఆ పని మాలో ఒకనికి బాగా వచ్చు. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ చేశాడు. ఇప్పుడు అచ్చంపేట, దేవరకొండ ఊళ్లలో సౌర మోటార్లు బిగిస్తాడు. మీలో డిగ్రీలు చేసేవాళ్లు చేయండి, ఇంజనీర్లు అయ్యేవాళ్లు అవ్వండి. చెయ్యి పనిని చిన్నచూపు మాత్రం చూడకండి. రాబోయే రోజుల్లో పలకలు బిగించేవాళ్లకు, బాగుచేసేవాళ్లకు ఊరూరా పని ఉంటుంది.

పోయిన ఎండాకాలం మేమంతా కలిసి అతని వెంట ఒక తండాకు పోయాం. పలకలు ఇంకా వ్యానులోనే ఉన్నాయి. అతడు ముందు గడ్డపార తీసుకొని గుంత తవ్వడం మొదలుపెట్టాడు. కడ్డీ దింపి, చుట్టూ ఉప్పు, బొగ్గు వేసి, నీళ్లు పోసి పూడ్చాడు. రైతు తొందరపడుతూ, "అది ఆఖరికి చేస్తే కాదా బిడ్డా, ముందు నీళ్లు చూపియ్యరాదూ" అన్నాడు.

"ముందు ఇదే పెద్దయ్యా" అన్నాడు మావాడు, తీగ బిగిస్తూ. "ఇది అయినంకనే ఏదైనా."